వంకర లేబులు

ఆదివారం పొద్దున్నే చీమలు బయల్దేరాయి. కిటికీ మూల నుంచి గోడ దిగి, కుట్టుమిషను కాలు చుట్టి, మామగారి మంచం కింద దాకా ఒకటే బారు. బళ్ళో పిల్లలు కూడా అంత బుద్ధిగా నడవరు. కోడలు చీపురు పట్టుకుని గదిలోకి వచ్చేసరికి ఆమె భర్త అప్పటికే మోకాళ్ళ మీద వంగి, తల మంచం కిందకి దూర్చి, ఆ బారు ఎక్కడికి పోతోందో చూస్తున్నాడు.

అతని ఉద్యోగం బస్సుల్లో టికెట్లు తనిఖీ చెయ్యడం. నిద్ర నటించేవాళ్ళనీ, జేబులు తడుముకునేవాళ్ళనీ, "ఇప్పుడే పారేశానండీ" అనేవాళ్ళనీ పద్దెనిమిదేళ్ళు చూసి చూసి, అతనికి లోకంలో రెండే జాతులు మిగిలాయి: టికెట్టు ఉన్నవాళ్ళు, ఉన్నట్టు మొహం పెట్టేవాళ్ళు. కన్నతండ్రి ఏ జాతి అన్న విషయంలో మొన్నటిదాకా సందేహం లేదు. నిన్న సాయంత్రం క్లినిక్కులో వచ్చింది.

డాక్టరమ్మ కాగితం చూసి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. కళ్ళజోడు తప్పు కాదు. పెద్దాయన షుగరు మూడు నెలల కిందటికంటే బాగా పెరిగింది. కంటి లోపల సన్నటి నాళాలు దెబ్బ తింటున్నాయని, ముందు షుగరు అదుపులోకి రాకపోతే కంటికి ఏ వైద్యం చేసినా నిలవదని చెప్పింది. ఏం తింటున్నారని అడిగితే ముగ్గురూ పాఠం అప్పజెప్పినట్టు చెప్పారు. టీలో చక్కెర లేదు, మిఠాయి ముక్క లేదు, రాత్రి భోజనం సగానికి సగం. ఆవిడ రాసుకుంటూ రాసుకుంటూ ఆగి, "ఇందులో లేనిదేదో లోపలికి వెళ్తోంది," అంది.

ఆ ఒక్క మాట కొడుకు చెవిలో రాత్రంతా మోగినట్టుంది. పొద్దున్నే తనిఖీ మొదలుపెట్టాడు.

ముందు దిండు ఎత్తాడు. తర్వాత పరుపు. తర్వాత మిషను సొరుగులు మూడూ బయటికి లాగాడు. ఆఖర్న మంచం కింద రేకు పెట్టె. నలభై ఏళ్ళు దర్జీగా బతికిన మనిషి పెట్టెలో ఏముంటుంది? గుండీలు, టేపు, గుడ్డలో చుట్టిన పెద్ద కత్తెర, సైజుల వారీగా సూదులు, ఒక చిన్న డబ్బాలో రంగు రంగుల సుద్దముక్కలు. సుద్దముక్కలు నలుచదరంగా, అంచులరిగి, ఎవరో చప్పరించి పెట్టినట్టున్నాయి. అతను వాటిని వాసన చూశాడు. నమ్మకం కుదరక తెల్లదాన్ని నాలుక చివర పెట్టి చూశాడు. ఎనిమిదేళ్ళ కూతురు గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. ఇక ఆ ఇంట్లో సుద్దముక్కలు నోట్లో పెట్టుకోవద్దని దానికి ఎవరు చెప్పినా వినదు.

పెద్దాయన మంచం మీద కూర్చుని రెండు చేతులూ కాస్త పైకెత్తాడు. బస్సులో జేబులు చూపించే మనిషిలా.

"చొక్కా కూడా చూస్కోరా. ఇది నిన్నటిదే."

కొడుకు చొక్కా చూడలేదు. చీమల బారు చివర ఉన్న గాజుగ్లాసు పట్టుకున్నాడు. అడుగున ఎర్రటి రసం ఒక గుక్కెడు మిగిలి ఉంది. చీమలు అంచు పొడుగునా పంక్తి భోజనానికి కూర్చున్నట్టున్నాయి.

అది తను పోసిచ్చిందేనని కోడలు చెప్పింది. తన ఫ్యాక్టరీలో తయారయ్యే పళ్ళరసం. చక్కెర కలపనిది. నిన్న డాక్టరమ్మకి చెప్పిన జాబితాలో అది లేదు, ఎందుకంటే మంచినీళ్ళు తాగుతున్నారని ఎవరూ డాక్టరుకి చెప్పరు కదా.

అతను గ్లాసునీ, చీమల్నీ, తండ్రినీ మార్చి మార్చి చూశాడు. అంతా అర్థమైపోయింది. "రసంలో చక్కెర లేదు. గ్లాసులో ఉంది. అంటే వంటింట్లోంచి తెచ్చి కలుపుకుంటున్నాడు."

పెద్దాయన చేతులు దించాడు. "కలుపుకోలేదురా," అన్నాడు. ఒక్కసారే అన్నాడు. రెండోసారి అంటే అబద్ధంలా ఉంటుందని కాబోలు.

మధ్యాహ్నానికి వంటింటి అలమరకి తాళం పడింది. తాళంచెవి కోడలి చేతిలో పెట్టి, చక్కెర డబ్బా, తేనె సీసా, పిల్ల బిస్కెట్లు అన్నీ ఆమె పూచీ అన్నాడు. అంతటితో ఆగలేదు. పోయినవారం పెద్దాయన కుడుతూ కుడుతూ సూదిని చూపుడువేలి గోట్లోకి దించుకున్నాడు. చూపు లేనివాడికి మిషనెందుకని, వచ్చే ఆదివారం మేనత్త కొడుకు చిన్న లారీ తెచ్చి మిషను పట్టుకెళ్ళేట్టు ఫోనులో మాట్లాడేశాడు. అతను చెడ్డవాడు కాదు. తండ్రి వేలికి కట్టు కట్టింది అతనే. కట్టు కడుతున్నప్పుడు తండ్రికంటే ఎక్కువ పళ్ళు బిగించిందీ అతనే.

మిషను మీద పిల్ల గౌను ఉంది. ఆకుపచ్చది. బడిలో నాటకానికి. ఒక చెయ్యి కుట్టడం అయింది, ఇంకొకటి మిగిలింది. పెద్దాయన ఆ రోజు దాని మీద గుడ్డ కప్పేశాడు.

*

కోడలు పనిచేసేది రసం సీసాలకి లేబుళ్ళు అంటించే హాల్లో. ఆ హాల్లో రెండు బల్లలు. కిటికీ వైపు ఉన్నది ముందు బల్ల. అక్కడివాళ్ళు సీసా ముందువైపు పెద్ద లేబులు అంటిస్తారు: కోసిన యాపిలు, ద్రాక్షగుత్తి, ఆకు మీద ఒక మంచుబొట్టు, ఆ కింద ఆకుపచ్చ అక్షరాల్లో 'చక్కెర కలపలేదు'. గోడ వైపు ఉన్నది వెనక బల్ల. అక్కడివాళ్ళు వెనక అంటించే చిన్న తెల్ల లేబులుకి బొమ్మా లేదు, రంగూ లేదు. అందువల్ల ముందు బల్లవాళ్ళకి వెనక బల్లంటే కొంచెం చిన్నచూపు. పెళ్ళికొడుకు వైపువాళ్ళలా కిటికీ గాలి తింటూ కూర్చుంటారు. భోజనాల వేళ కూడా రెండు బల్లలూ రెండు మూలలకి పోతాయి.

ముందు బల్లలో ఆమెని అందరూ 'స్కేలు' అంటారు. సీసాని ఎడమ మోచేతి వంపులో పడుకోబెట్టి, గాజు అతుకు గీతని బొటనవేలితో వెతుక్కుని, ఆ గీతకి సరిగ్గా లేబులు నడుం ఆనించి, మధ్య నుంచి అంచులకి గుడ్డతో ఒక్క తుడుపు తుడుస్తుంది. వెంట్రుకవాసి తేడా రాదు. ఏడేళ్ళలో ఆమె లేబులు చదివింది మొదటి రోజే. ఆ తర్వాత అది ఆమెకి ఒక నలుచదరం, అంతే. నిటారుగా ఉందా లేదా. ఇంట్లో కూడా ఏ సీసా అయినా, ఏ డబ్బా అయినా లేబులు ఎదురుగా వచ్చేట్టు పెడితే గానీ ఆమెకి నిద్ర పట్టదు.

వంకర పడ్డ సీసాలు బజారుకి వెళ్ళవు. గుమ్మం పక్క బుట్టలో వేస్తారు. సాయంత్రం వెళ్ళేటప్పుడు మనిషికొకటి తీసుకెళ్ళవచ్చు, కాకపోతే ఎవరు పాడుచేసింది వాళ్ళకే అని ఒక కట్టుబాటు. స్కేలుకి వంకర పడదు కాబట్టి ఆరేళ్ళపాటు ఒట్టి చేతుల్తోనే వెళ్ళింది.

ఎనిమిది నెలల కిందట పెద్దాయనకి షుగరని తేలింది. ఆ మర్నాడు చక్కెర లేని టీ గ్లాసు ముందు పెట్టుకుని, ఆయన దానికేసి ఎవరో తెలియని చుట్టాన్ని చూసినట్టు చూశాడు. తాగేశాడు. ఆ సాయంత్రం నాలుగింటికి, సూపర్‌వైజరు టీకి వెళ్ళడం చూసుకుని, కోడలు బొటనవేలిని గోరు వెడల్పంత కుడికి జరిపి ఒక లేబులు వాలుగా అంటించింది. అప్పట్నుంచి రోజుకి ఒకటి. రోజు మొత్తంలో ఆమె చేసే తప్పు అదొక్కటే, అదీ ఎంతో జాగ్రత్తగా. అర లీటరు సీసా. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. మొదటి గ్లాసు వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "ఇది నేను తాగొచ్చా అమ్మాయ్?" అని పెద్దాయన అడిగినప్పుడు, సీసా ఆయన వైపు తిప్పి ఆకుపచ్చ అక్షరాల కింద వేలు పెట్టి చూపించింది. ఆ వేలే వాటిని అంటించింది. అంతకంటే పెద్ద సాక్ష్యం ఇంకేం కావాలి?

వెనక బల్లవాళ్ళు మాత్రం బుట్టలో చెయ్యి పెట్టరు. వాళ్ళకి పొగరని ముందు బల్ల తీర్మానించింది.

*

సోమవారం, మంగళవారం ఇల్లు ఆస్పత్రిలా ఉంది. కోడలు టీ పెట్టే ముందు తాళం తియ్యడం, పెట్టాక వెయ్యడం. తాళం చప్పుడు పెద్దాయన గదిలోకి వినిపిస్తుందని ఆమెకి తెలుసు. ఎంత మెల్లగా తిప్పినా ఆఖర్న టక్కుమంటుంది. ఆయన కంచంలో సగం వదిలి లేస్తున్నాడు. పిల్ల వెళ్ళి సూదిలో దారం ఎక్కించి ఇస్తానంటే, ఇప్పుడొద్దు తల్లీ అన్నాడు. రసం మాత్రం ఆమె ఎప్పట్లాగే తెచ్చింది, ఆయన ఎప్పట్లాగే తాగాడు. మిగిలిన ఒక్క ముచ్చటా అదేనని ఆమె గ్లాసు ఇంకాస్త నిండుగా పోసింది.

బుధవారం సాయంత్రం ఆమె పని నుంచి వచ్చేసరికి చీమలు మళ్ళీ వచ్చాయి.

అలమర తీసి చూసింది. చక్కెర డబ్బా మూత మీద ఒక్క చీమ లేదు. తేనె సీసా చుట్టూ లేదు. బారు వంటింటి గుమ్మం దగ్గరకి కూడా రాలేదు. కిటికీ దిగి, మిషను చుట్టి, తిన్నగా పెద్దాయన మంచం పక్క స్టూలు ఎక్కుతోంది. స్టూలు మీద పొద్దుటి సీసా ఉంది. మూత వదులుగా ఉంది. చీమలు ఆకుపచ్చ అక్షరాల మీదుగానే పైకి పాకి, మూత కిందకి దూరుతున్నాయి. వాటికి చదువు రాదు. అందుకే మోసపోలేదు.

పెద్దాయన వీధి అరుగు మీద పిల్లతో కూర్చున్నాడు. కోడలు సీసా చేతిలోకి తీసుకుంది. చెయ్యి అలవాటుగా లేబులుని తన వైపుకి తిప్పుకుంది. ఆ అలవాటు చేతిని ఆపి, బండరాయిని తిప్పినంత కష్టపడి, సీసాని వెనక్కి తిప్పింది.

అక్షరాలు గసగసాలంత. మిషను సొరుగులో పెద్దాయన భూతద్దం ఉంటే తెచ్చుకుని, కిటికీ దగ్గర నిలబడి కూడబలుక్కుంది. నీళ్ళు. చిక్కబెట్టిన ద్రాక్షరసం. చిక్కబెట్టిన యాపిల్ రసం. పులుపుకి ఏదో, వాసనకి ఏదో. కింద చిన్న పట్టిక. ఒక వడ్డనకి చక్కెరలు పన్నెండు గ్రాములు. పన్నెండే కదా అని ఊపిరి పీల్చుకోబోయింది. పట్టిక అడుగున, అంచుకి ఆనుకుని, ఇంకా సన్నగా ఇంకో వరస ఉంది. వడ్డన అంటే వంద మిల్లీలీటర్లు. ఈ సీసాలో వడ్డనలు అయిదు.

వంద మిల్లీలీటర్లంటే పిల్లకి దగ్గుమందు కొలిచే మూతలు ఆరేడు. అంత కొలిచి తాగే పుణ్యాత్ముడు ఏ ఇంట్లో ఉన్నాడో ఆమెకి తెలియలేదు.

కింద కూర్చుంది. చీమలు ఆమె చేతి మీదకి ఎక్కాయి. దులపలేదు.

*

గురువారం భోజనాల వేళ సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళింది. ఆయన మంచివాడే, అందరికీ ఓపిగ్గా సమాధానం చెప్తాడు. మనం చక్కెర బస్తా తెచ్చి పోశామా, లేదు, పోసింది రసం, రసంలో ఉన్న చక్కెర పండుది, పండుని మనం ఏమనగలం అన్నాడు. చిక్కబెట్టి పోసింది మనమే కదండీ అంది. ఆయన నవ్వి, అది ముందు లేబులు పని కాదు, వెనక లేబులు మీద అంతా రాసే ఉంది కదా, మనం ఏదీ దాచలేదు అన్నాడు. "చదువుకోవడం వాళ్ళ బాధ్యతమ్మా," అని కూడా అన్నాడు.

నిజమే. ఎవరూ ఏదీ దాచలేదు. అలమరకి తాళం వేసి తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టు. కాకపోతే గుమ్మం వెనక.

అక్కణ్ణుంచి ఆమె తన మూలకి వెళ్ళలేదు. ఏడేళ్ళలో మొదటిసారి హాలు దాటి వెనక బల్ల మూలకి వెళ్ళి నిలబడింది. వెనక బల్ల పెద్ద ఒకావిడ ఉంది, అందరూ వెనకమ్మ అంటారు. యాభై దాటాయి. జిగురు అంటి వేళ్ళ చివర్లు తెల్లగా మెరుస్తుంటాయి. తింటున్నదల్లా ఆపి, కాస్త జరిగి చోటిచ్చింది.

"మీరెవరూ బుట్టలో సీసా తీసుకెళ్ళరెందుకు?" అని అడిగింది కోడలు.

"మా ఆయనకి షుగరు."

"మా మామయ్యకీ షుగరే."

వెనకమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "ఎన్నాళ్ళుగా తీసుకెళ్తున్నావు?"

"ఎనిమిది నెలలు."

"చదివే తీసుకెళ్తున్నారనుకున్నాం మేం. మీ ఇళ్ళలో షుగరు జబ్బులు లేవు కాబోలు, అదృష్టవంతులనుకున్నాం."

"మీకు పొగరనుకున్నాం మేం."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వాలో ఏడవాలో తేలక ఇద్దరూ మంచినీళ్ళు తాగారు. తర్వాత వెనకమ్మ చెయ్యి కడుక్కుని, ఒక సీసా తెచ్చి, ఆమెకి చదవడం నేర్పింది. జాబితాలో ఏది ముందుంటే అది ఎక్కువ, ఆఖర్న ఉన్నది చిటికెడు. బొమ్మలో యాపిలుంటుంది, జాబితాలో దాని కంటే ముందు ద్రాక్ష ఉంటుంది, ఎందుకంటే ద్రాక్ష తీపి ఎక్కువ. చక్కెరకి చాలా పేర్లుంటాయి, పాకమనీ, తేనె అనీ, చిక్కబెట్టిన రసమనీ, లోపలికి వెళ్ళాక అన్నీ ఒకింటివే. పట్టికలో అంకె చూడగానే సంబరపడకూడదు, అది ఎంతకి రాసిందో చూసి, సీసాలో అలాంటివి ఎన్నున్నాయో చూసి, హెచ్చవెయ్యాలి. ఇదంతా ఆవిడకి ఎవరూ నేర్పలేదు. అయిదేళ్ళుగా రోజుకి వెయ్యిసార్లు కళ్ళ ముందునుంచి పోతుంటే, ఒకరోజు భర్త రక్తం కాగితం చేతిలో ఉండగా, దానంతటదే అర్థమైందట.

ఆ సాయంత్రం నాలుగింటికి సూపర్‌వైజరు టీకి వెళ్ళాడు. కోడలి బొటనవేలు అలవాటుగా కుడికి జరిగింది. వెనక్కి లాక్కుంది. లేబులు నిటారుగా పడింది.

*

ఒట్టి చేతుల్తో ఇంటికి వచ్చింది. పెద్దాయన ఆమె సంచీకేసి చూశాడు. భర్త డ్యూటీ దిగడానికి ఇంకా గంటుంది. పిల్ల పక్కింట్లో ఆడుకుంటోంది.

ఆమె అలమర తాళం తీసింది. ఈసారి టక్కుమంటే అననిచ్చింది. చక్కెర డబ్బా, చెంచా, ఒక తెల్ల పళ్ళెం తీసుకుని పెద్దాయన గదిలోకి వెళ్ళి, మిషను మీద గుడ్డ తొలగించి, గౌను పక్కకి జరిపి పళ్ళెం పెట్టింది. చెంచాకి అయిదు గ్రాములు. తలకొట్టి ఒక్కొక్కటే పోసింది. మూడో చెంచాకి పెద్దాయన మంచం దిగాడు. ఆరో చెంచాకి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పన్నెండో చెంచా పోశాక చిన్న కుప్ప తయారైంది.

"ఇది మీకు నేను రోజూ పోసింది, మామయ్యా. ఎనిమిది నెలలు." ఆ తర్వాత మిగతాది చెప్పింది. వెనక లేబులు, చిక్కబెట్టిన రసం, అయిదు వడ్డనలు. "ఇంట్లో ఉన్నదానికి తాళం వేసి, బయటినుంచి నేనే మోసుకొచ్చాను. ఆయన మీ పెట్టె వెతుకుతుంటే చీపురు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను."

పెద్దాయన కుప్పకేసి వంగి చూశాడు. చూపు ఆనక ఇంకాస్త వంగాడు. ఊపిరికి రెండు పలుకులు కదిలాయి.

"తియ్యగా ఉందని నాకు మొదటి రోజే తెలుసమ్మాయ్."

ఆమె తలెత్తింది.

"ముసలి నాలుకే గానీ చచ్చిన నాలుక కాదు. తియ్యగా ఉంది, లేదని రాసి ఉంది. రాసింది నువ్వు అంటించావు. ఇక నా నోటిని నమ్మాలా, నిన్ను నమ్మాలా? నిన్ను నమ్మాను." ఆగి, మీసం కింద కొంచెం నవ్వాడు. "పూర్తిగా అలా కూడా కాదులే. సగం నిన్ను నమ్మాను. సగం, నమ్మితే తాగొచ్చు కదా అని నమ్మాను. చాలా బావుందమ్మాయ్ అది."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. సీసా వంకర సంగతి కూడా తనకి తెలుసన్నాడు. దర్జీ కంటికి, చెయ్యి జారడం వేరు, జార్చడం వేరు. చెయ్యి జారితే ఒకరోజు ఎడమకి పోతుంది, ఒకరోజు కుడికి పోతుంది. ఈమె లేబులు ఎనిమిది నెలలూ ఒకేవైపు, ఒకే వాలు. చూపు మసకబారాక కూడా అంచు మీద వేలు పెట్టి చూసుకునేవాడట.

"నాకోసం ఒక మనిషి రోజూ పనిగట్టుకుని తప్పు చేస్తోంది. అది వద్దని ఎలా అనను?"

"మరి ఆయన పెట్టె వెతికినప్పుడు? అప్పుడైనా సీసా మీద అనుమానం రాలేదా?"

"వచ్చింది."

"చెప్పలేదేం?"

పెద్దాయన కట్టు ఉన్న వేలితో పళ్ళెం అంచుని తుడిచాడు. "చెబితే వాడు పెట్టె మూసి నిన్ను వెతుకుతాడు. వాడి సంగతి నీకు తెలియదా? నాకైతే అలవాటే, వాడు చిన్నప్పుడు కూడా నా జేబులు వెతికేవాడు."

ఆమె తాళంచెవి తీసి పళ్ళెం పక్కన పెట్టింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

భర్త వచ్చేసరికి పళ్ళెం అక్కడే ఉంది, చీమలు అప్పుడే వార్త అందుకుని బయల్దేరాయి. ఆమె మొత్తం చెప్పింది. తను అంటించింది, తను తెచ్చింది, తను పోసింది, వంకరతో సహా. అతను నమ్మలేదు. తనిఖీ చేశాడు. సీసా కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, భూతద్దం పెట్టి, పెదాలు కదుపుతూ చదివి, వేళ్ళ మీద హెచ్చవేశాడు. పళ్ళెంలో చక్కెర డబ్బాలోకి చెంచాతో ఎత్తి పోస్తూ మళ్ళీ లెక్కపెట్టాడు. పన్నెండూ వచ్చాయి. అతని పద్దెనిమిదేళ్ళ సర్వీసులో టికెట్టున్న మనిషిని పట్టుకోవడం ఇదే మొదలు.

క్షమించమని అనడం అతనికి రాదు, ఎవరూ ఎదురుచూడలేదు కూడా. మంచం కింద నుంచి రేకు పెట్టె లాగాడు. ఆదివారం నాడు కలగాపులగంగా కుక్కేసినవన్నీ బయటికి తీశాడు. గుండీలు గుండీల్లో, సూదులు సైజుల వారీగా. సుద్దముక్కల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, తెల్లవి ఒక వరస, నీలాలు ఒక వరస, పసుపువి ఒక వరస పేరుస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

"తెల్లది నాకి చూశావుగా," అన్నాడు పెద్దాయన మంచం మీద నుంచి. "ఎలా ఉంది?"

అతను తలెత్తలేదు. "చప్పగా ఉంది నాన్నా," అన్నాడు. డబ్బా మూత పెట్టాక బయటికి వెళ్ళి మేనత్త కొడుక్కి ఫోను చేశాడు. ఆదివారం లారీ అక్కర్లేదని చెప్పడం లోపలికి వినిపించింది. ఎందుకని అవతల అడిగినట్టున్నారు. "మిషను నాన్నది కదా," అన్నాడు.

*

శుక్రవారం సాయంత్రం కోడలు సీసా పట్టుకుని క్లినిక్కుకి వెళ్ళింది. డాక్టరమ్మ ముందువైపు చూసి, వెనక్కి తిప్పి, చదివింది. ఏం తింటున్నారని అడిగాను గానీ ఏం తాగుతున్నారని నేనూ అడగలేదు అంది. రసం ఆపమంది, మందుల సంగతి ఏమీ మార్చకుండా నెలాగి రమ్మంది, కంటి సంగతి అప్పుడు చూద్దామంది. తగ్గుతుందని మాట ఇవ్వలేదు. సీసా మాత్రం ఇక్కడే వదిలి వెళ్ళమని, బల్ల మీద తెల్ల లేబులు రోగుల వైపుకి వచ్చేట్టు పెట్టుకుంది.

శనివారం భోజనాల వేళ కోడలు పిలిస్తే ముందు బల్లవాళ్ళంతా కిటికీ మూల వదిలి హాలు మధ్యకి వచ్చారు. వెనకమ్మ భూతద్దం అడిగింది. పెద్దాయనది కోడలు సంచీలో తెచ్చింది. అది చేతులు మారింది. ఒకామె తన పిల్లాడి పాలసీసాలో కలిపేదాని పేరు చెప్పి, అది కూడా ఇలాగేనా అని అడిగింది. ఇంకొకామె వాళ్ళమ్మకి కట్టించి పంపిన ఆరు సీసాల గురించి చెప్పి, ఫోను తీసుకుని పక్కకి వెళ్ళింది.

సాయంత్రం గంట కొట్టాక అందరూ గుమ్మం దాటారు. బుట్ట నిండుగా అలాగే ఉంది. సూపర్‌వైజరు దాని పక్కన నిలబడి, "ఏం, ఇవాళ ఎవరికీ వద్దా?" అని అడిగాడు. రెండు బల్లలవాళ్ళూ ఆయనకి మర్యాదగా నమస్కారం పెట్టి, ఒక్కొక్కరే బుట్టని తప్పుకుని వెళ్ళారు. కోడలు ఆఖర్న ఆగి, సోమవారం నుంచి తనని వెనక బల్లకి మార్చమంది. ఇంత నిటారుగా అంటించే మనిషి వెనకెందుకని ఆయన ఆశ్చర్యపోయాడు. వెనకవి కూడా నిటారుగా ఉంటే చదవడానికి బావుంటాయండీ అంది.

ఆదివారం లారీ రాలేదు. పిల్ల మిషను పక్కన ముక్కాలిపీట మీద ఎక్కి, నాలుక బయటపెట్టి, సూదిలో దారం ఎక్కించింది. పెద్దాయన రెండో చెయ్యి కుట్టాడు. కన్ను కంటే ఎక్కువ వేళ్ళతో కుట్టాడు. కొడుకు పేపరు అడ్డం పెట్టుకుని ప్రతి కుట్టుకీ తన వేలే అక్కడున్నట్టు ముడుచుకున్నాడు. అయిపోయాక పెద్దాయన దారం కొరికి, గౌను కోడలి చేతికిచ్చాడు.

"నిటారుగా వచ్చిందా అమ్మాయ్?"

ఆమె కుట్టు మీద బొటనవేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా తీసుకెళ్ళింది. ఆయన ఆమె మొహం సరిగ్గా ఆనక, మొహం ఉండే వైపుకి చూస్తున్నాడు. బావుందనడానికి నోరు సగం తెరిచింది. బజారులో సీసా మీద అలాంటి మాట ఎంత తేలిగ్గా పడుతుందో ఆమెకి తెలుసు.

"లేదు మామయ్యా. రెండుచోట్ల జారింది."

"ఎటు?"

"ఒకటి ఎడమకి. ఒకటి కుడికి."

పెద్దాయన మొహం విచ్చుకుంది. "అయితే నిజంగానే జారిందన్నమాట," అన్నాడు తృప్తిగా. "విప్పు. మళ్ళీ కుడదాం."

ఆమె మంచం అంచున కూర్చుని బ్లేడు అంచుతో ఒక్కొక్క కుట్టే విప్పసాగింది. పిల్ల ఇంకో దారం చివర నోట్లో తడి చేసుకుని, సూది కన్ను వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.